దుప్పటికి రెండో కొస

ఫోన్ మోగేసరికి కొత్తపిల్ల రెండు చేతులూ మామగారి కింద ఉన్నాయి. ఒకటి భుజం దగ్గర, ఒకటి తుంటి దగ్గర. ఆమె ఆయన్ని తన వైపుకు ఒత్తిగిలించి పట్టుకోవాలి. మంచానికి అవతల అత్తయ్య తడిసిన దుప్పటిని పొడుగునా చుట్టచుట్టి ఆయన వీపు దాకా తోసి, దాని పక్కనే ఉతికిన దుప్పటి సగం పరిచి, మిగతా సగం చుట్టి పెడుతుంది. తర్వాత ఆయన్ని ఆ గుట్ట మీదుగా అటు దొర్లించాలి. అప్పుడు ఇటునుంచి కొత్తపిల్ల పాతది లాగేసి కొత్తది సర్దుతుంది. ఇది ఇద్దరు మనుషుల పని. మధ్యలో ఒకరు చెయ్యి వదిలితే అంత పెద్ద మనిషీ నేల మీద ఉంటాడు.

"పోన్లే, మోగనీ. తర్వాత చూద్దువు," అంది అత్తయ్య.

"ల్యాబు వాళ్లేమో అత్తయ్యా."

"అయితే మోగనివ్వకు. మోచేత్తో నొక్కు."

మోచెయ్యి ఖాళీగా లేదు. ఫోను కిటికీ గట్టు మీద ఉంది. కొత్తపిల్ల మామగారిని వదలకుండానే వంగి గడ్డంతో నొక్కింది. అదృష్టం బాగుండి స్పీకరు కూడా పడింది.

"విత్తనాల పరీక్ష కేంద్రం నుంచండీ. మీరు ఎంపికయ్యారు. ఈ సీజను నమూనాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి, ఇక్కడ కాలు పెట్టే చోటు లేదు. రేపు పొద్దున వచ్చి చేరగలరా? కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, ఇంకొకరిని పిలుచుకుంటాం."

"చేరతానండీ," అంది కొత్తపిల్ల గట్టు మీద చెంప ఆనించి.

ఆ మాట ఎవర్నీ అడక్కుండానే నోట్లోంచి వచ్చేసింది. అడగలేదన్న సంగతి కూడా వచ్చేశాకే తట్టింది.

మామగారు గోడ వైపు చూస్తూ, "రైట్," అన్నాడు.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. పక్షవాతం వచ్చి మాటలన్నీ పోయాక ఆ ఒక్కటీ మిగిలింది. ఆకలేసినా రైటే, నొప్పి పుట్టినా రైటే, చాల్లే అన్నా రైటే. ఏ రైటు దేనికో కొత్తపిల్లకు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. ఇది మాత్రం సంతోషం రైటే అని ఆమె గట్టిగా అనుకుంది. అత్తయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ, "ముందు ఈయన్ని దొర్లించు తల్లీ, తర్వాత గంతులేద్దువుగాని," అంది.

దుప్పటి మూలలు బిగించి, తలగడ సర్ది, తడి గుడ్డలు బకెట్లో వేశాక కొత్తపిల్ల నిజంగానే వంటింట్లోకి వెళ్లి గంతులేసింది. చప్పుడు కాకుండా, మునివేళ్ల మీద. ఈ ఇంట్లో ఆమెను సంతోషపెట్టడం పెద్ద కష్టమేం కాదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ చిన్న చిన్న వాటికే మురిసిపోతోంది. అద్దం దగ్గర గ్లాసులో తన బ్రష్షు, అతని బ్రష్షు ఒకదానికొకటి తలలు ఆనించుకుని నిలబడటం, దండెం మీద తన బట్టల పక్కన అతని చొక్కా చేతులు చాపి ఆరటం. గదిలో ఉన్నప్పుడు అతన్ని నువ్వు అనడం, నలుగురిలోకి రాగానే మీరు అనడం, ఆ మార్చేటప్పుడు ఇద్దరికీ నవ్వు రావడం. ఇప్పుడు వీటన్నిటి మీద ఉద్యోగం. చదివిన చదువుకు తగిన ఉద్యోగం. గుమ్మం దాటి, బస్సెక్కి, తన పేరున్న కుర్చీలో కూర్చునే ఉద్యోగం.

ఇంటర్వ్యూలో ఆ కేంద్రం అధికారి ఒక మంచి ప్రశ్న, ఒక చెడ్డ ప్రశ్న అడిగాడు. తడి కాగితం మీద పరిచిన గింజ మొలవకపోతే చచ్చినట్టేనా అన్నది మంచి ప్రశ్న. "వేలితో నొక్కి చూడాలండీ. మెత్తబడి కుళ్లితే చచ్చినట్టు. గట్టిగా ఉంటే బతికే ఉంది, నిద్రలో ఉందంతే," అని చెప్పింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, "బాగుంది. కొత్తగా పెళ్లయినట్టుంది, ఇంట్లోవాళ్లు పంపిస్తారా? రేపు పిల్లలూ గిల్లలూ అంటే మాకు ఇబ్బంది," అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న మగపిల్లాడు కూడా కొత్తగా పెళ్లయినవాడే. వాణ్ని ఆ ప్రశ్న అడగలేదు, ఆమె బయటికొచ్చి కనుక్కుంది. ఆ రోజంతా మండింది. ఇవాళ మాత్రం ఆ కళ్లద్దాల మనిషి మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది.

భర్తకు ఫోన్ చేసింది. అతను నేలకు పరిచే పలకలు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు.

"నిజమా? నిజంగానా? ఏయ్ చిట్టీ, నేను చెప్పలా, నిన్ను కాదనేవాళ్లు ఎవరని," అన్నాడు. పక్కనున్న ఎవరితోనో మా ఆవిడకు ఉద్యోగం వచ్చింది అని చెప్పడం వినిపించింది. మా ఆవిడ అన్నప్పుడల్లా ఆమెకు మెడ వెనక గిలిగింత పుడుతుంది. "ఎప్పుడు చేరాలి?"

"రేపే."

కాసేపు దుకాణం చప్పుళ్లే వినిపించాయి. ఎవరో పలకను వేలితో కొట్టి చూస్తున్నారు.

"రేపంటే, రేపేనా? మరి అమ్మ ఒక్కతే ఎలా..."

"అదే నేనూ ఆలోచిస్తున్నా."

"సంతోషమే చిట్టీ, చాలా సంతోషం. కాకపోతే కొన్నాళ్లు ఆగమని వాళ్లనే అడిగి చూడకూడదూ? సరే, సాయంత్రం ఎలాగూ మనింట్లో ప్రార్థన ఉంది కదా. అక్కడ పెడదాం. దేవుడే దారి చూపిస్తాడు."

ఫోన్ పెట్టేశాక కొత్తపిల్ల మునివేళ్ల మీంచి మడమల మీదికి దిగింది.

అక్కడ పెడదాం. ప్రార్థన ఆమెకు కొత్త కాదు. తనూ ఆ నమ్మకంలోనే పుట్టి పెరిగింది. బస్సు దొరికితే స్తోత్రం అనుకునే మనిషి, పరీక్ష హాల్లో పెన్ను మూత తీసే ముందు కళ్లు మూసుకునే మనిషి. కానీ ఈ ఇంట్లో అక్కడ పెట్టిన విషయాలు ఏమవుతాయో ఆమె ఇప్పటికే చూసింది. అక్కడ పెట్టాక ఇక్కడ ఎవరూ మాట్లాడరు. విషయం దేవుడి దగ్గరికి వెళ్లిందో లేదో తెలీదు గానీ, మనుషుల దగ్గర్నుంచి మాత్రం వెళ్లిపోతుంది.

అంట్లు తోముదామని కుళాయి తిప్పి, మళ్లీ కట్టేసింది. బకెట్లో గుడ్డలు తొక్కుదామని వెళ్లి, సబ్బు చేతిలో పట్టుకుని నిలబడింది. మనసు ఒకచోట కూర్చోవడం లేదు. మంచి వార్త వచ్చిన రోజు ఇలా ఉండాలా అని తన మీద తనకే విసుగేసింది.

మధ్యాహ్నానికి ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. తమ్ముడు ఫోన్ చేసి ఉంటాడు. చెప్పులు విప్పుతూనే కొత్తపిల్లను గట్టిగా కౌగలించుకుంది.

"శుభవార్త విన్నాను కొత్తపిల్లా. చాలా సంతోషంగా ఉంది. స్వీటేం లేదా?"

"ఇప్పుడేగా వదినా తెలిసింది. కూర్చోండి, టీ పెడతాను."

"టీ నేను పెడతాలే, నువ్వు ఆఫీసరువి అయిపోయావుగా." స్టవ్ వైపు వెళ్లి, అగ్గిపెట్టె కనపడనట్టు అటూ ఇటూ చూసి, మళ్లీ వచ్చి కూర్చుంది. కొత్తపిల్లే టీ పెట్టింది. "నేను నీ మేలు కోరే చెప్తున్నా. ఉద్యోగం ఎక్కడికీ పోదు. అమ్మను చూడు. నాన్న పడిపోయినప్పటి నుంచి ఒక్కరోజు నోరు మెదిపిందా? సంఘమంతా ఓర్పమ్మ అంటారు, ఊరికే అంటారా? నీకూ ఆ ఓర్పు రావాలి. మొదట్లో ఎవరికైనా కాళ్లు ఆగవులే."

"మరి మీరు రోజూ పొద్దున ఒక్కసారి రాగలరా వదినా? పక్క మార్చేదాకా."

"నాకు మాత్రం రావాలని ఉండదా? మా అత్తగారి మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా. పొద్దున ఆవిణ్ని లేపి నిలబెట్టేసరికి నా నడుం పడిపోతుంది." నిజమే. ఆమె నడుం మీద ఎప్పుడూ ఒక చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి అక్కడే మొలిచినట్టు. "ఆయాను పెడదామంటే పరాయి మనిషి ముట్టుకుంటే నాన్న గింజుకుంటాడు. అమ్మ మణికట్టు విరిగినప్పుడు ఎంత హడలిపోయామనుకున్నావ్? అప్పుడేగా తమ్ముడు పెళ్లికి ఒప్పుకుంది. అంతకుముందు ఎన్ని సంబంధాలు చూపించినా ఇప్పుడే వద్దు, ఇప్పుడే వద్దు అనేవాడు. దేవుడు నిన్ను పంపించాడు, ఒడ్డున పడ్డాం."

ఆమె ఆ మాట చాలా ప్రేమగా అంది. టీ ఊదుకుని తాగింది. కప్పు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

కొత్తపిల్ల ఆ కప్పును చూస్తూ నిలబడింది. పెళ్లిరోజు ఉంగరం తొడిగాక అతను చెవి దగ్గరికి వంగి, "నువ్వు మా ప్రార్థనకు జవాబువి," అన్నాడు. ఆ మాటను ఆమె పట్టుచీర దాచుకున్నట్టు దాచుకుంది. ఎవరికీ చెప్పకుండా, అప్పుడప్పుడూ తీసి తడుముకుంటూ. ఇంతమంది ఆడపిల్లలుండగా ఒక మనిషి ప్రార్థనకు జవాబుగా తను రావడమంటే మాటలా? ఇప్పుడు ఆ మాటను బయటికి తీసి మరోసారి చూస్తే, ప్రార్థన ఏమిటో ఇవాళ తెలిసింది. దుప్పటికి రెండో కొస పట్టుకునే మనిషి కావాలని అడిగారు. వచ్చింది. ఆ మనిషి డిగ్రీ చదివిందా, పాటలు పాడుతుందా, గింజల గురించి మాట్లాడితే కళ్లు మెరుస్తాయా అన్నవి పైన చల్లిన చక్కెర.

అలా అనుకోగానే అతని మొహం గుర్తొచ్చి అన్యాయం చేస్తున్నాననిపించింది. అతను ఆమెను ప్రేమిస్తాడు. అందులో అబద్ధం లేదు. ఆమెకు జలుబు చేస్తే తనే ముక్కు ఎగబీలుస్తాడు. కొత్తలో ఒకసారి అత్తయ్య చెయ్యి బాగా నొప్పిగా ఉందంటే ఆమె అతన్ని పిలిచింది, కాస్త ఒక పట్టు పట్టమని. అతను గుమ్మం దాకా వచ్చాడు. దుప్పటి తీసిన తండ్రి కాళ్లు చూశాడు. బస్సంతా అదిరేలా నడిచిన కాళ్లు చీపురుపుల్లల్లా ఉన్నాయి. అతని కళ్లమ్మట బొటబొటా నీళ్లు కారాయి. "నాన్నను ఇలా చూడలేను చిట్టీ, నావల్ల కాదు," అని వెనక్కి తిరిగాడు. ఆమె వెంట వెళ్లి పమిటకొంగుతో అతని కళ్లు తుడిచింది. ఎంత మెత్తని మనసో అని ఆ రోజంతా పొంగిపోయింది. తిరిగొచ్చేసరికి అత్తయ్య ఆ విరిగి అతికిన చేత్తోనే పని ముగించి కూర్చుని ఉంది.

ఇవాళ ఆ దృశ్యంలో ఆమెకు అతని కన్నీళ్లు కనిపించలేదు. అత్తయ్య చెయ్యి కనిపించింది. మనసు మెత్తగా ఉన్నవాళ్లకు పని తప్పుతుందని ముందే తెలిస్తే తనూ మెత్తగానే పుట్టి ఉండేది. అత్తయ్యకు మాత్రం ఆయన మొగుడు కాదా? ఆ కాళ్లను ఆవిడ చూడగలుగుతోందంటే మనసు బండదనా?

లోపలికి వెళ్లింది. అత్తయ్య మంచం మీద ఆయన పాదాల దగ్గర కూర్చుని ఒక మోకాలు మడిచి, చాపి, మళ్లీ మడుస్తోంది. రోజూ మధ్యాహ్నం ఆ పని చేస్తుంది. వాడకపోతే కీళ్లు బిగుసుకుపోతాయని ఫిజియో చెప్పాడట. ఫిజియో రావడం ఎప్పుడో మానేశాడు, ఆవిడ మానలేదు.

కొత్తపిల్ల రెండో మోకాలు అందుకుంది.

"అత్తయ్యా, మీకు నిజంగా కోపం రాదా?"

"ఎవరు చెప్పారు నీకు? పెళ్లికి ముందు నేను గిన్నెలు విసిరేదాన్ని. పెళ్లిలో మా అమ్మ ఈయన్ని పక్కకు పిలిచి, అల్లుడుగారూ, గాజు సామాను కొనకండి, స్టీలే కొనుక్కోండి అని చెప్పింది."

మామగారు, "రైట్," అన్నాడు. అది నవ్వు రైటని ఇద్దరికీ తెలిసింది.

"మరి అందరూ ఓర్పమ్మ అంటారు?"

"అంటారు. అననీ. ఓర్పు అని విడిగా ఒకటి ఉంటుందా పిల్లా, డబ్బాలో పోసి దాచుకోవడానికి? నేను కండక్టరు పెళ్లాన్ని, నాకు బస్సు సంగతే తెలుసు. బస్సు వస్తుందని నమ్మకం ఉంటే స్టాపులో ఎంతసేపైనా నిలబడతాం. ఎండైనా, వానైనా. ఇక రాదని తెలిస్తే అరక్షణం నిలబడం. కాళ్ల బలం కాదది." మోకాలు నెమ్మదిగా చాపి పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. "ఈయన లేస్తాడు. నాకు తెలుసు. ఈ మంచం మీంచి కాకపోతే, యేసయ్య వచ్చిననాడు మట్టిలోంచి లేస్తాడు. లేచి నిలబడి, బట్టలు దులుపుకుని, ముందు నాకోసమే చూస్తాడు. ఆ రోజు నేను మొహం తిప్పుకునేలా ఉండకూడదు. అంతే. ఆ ఒక్క సంగతి మీద నడుస్తున్నాను. దాన్ని వాళ్లు ఓర్పంటారు."

కొత్తపిల్ల ఆ పాదం ఎంత శుభ్రంగా ఉందో అప్పుడు చూసింది. మళ్లీ నడవబోయే పాదాన్ని ఉంచినట్టు ఉంచింది ఆవిడ. మడమ పగల్లేదు, వేళ్ల మధ్య ఒరుసుకుపోలేదు. ఇది లొంగిపోయిన మనిషి చేసే పని కాదు. లొంగిపోయినవాళ్లు తడి గుడ్డతో పైపైన తుడిచి ఊరుకుంటారు.

"మీ చెయ్యి విరిగినప్పుడు దేవుణ్ని కోడల్ని పంపమని అడిగారా?" అంది, ఆవిడ మొహంలోకి చూడకుండా.

"మీ వదిన చెప్పిందా?"

"ఊఁ."

"వాళ్లడిగారు. నేనడగలేదు." అత్తయ్య మోకాలు వదిలి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వొచ్చాక ఈ ఇంట్లో నవ్వు వినబడుతోంది, నీ మీద ఒట్టు. కానీ నేను అడిగింది నిన్ను కాదు. వాణ్ని. ఇంట్లో కన్నకొడుకు చేతులు ఉంటే పరాయింటి పిల్ల చేతులు అడుగుతానా? వాడు ఒక్కసారి ఈ గుమ్మం దాటి లోపలికి రావాలని, వాళ్ల నాన్నను ముట్టుకోవాలని అడిగాను. ఇప్పటికీ అదే అడుగుతున్నాను."

"నోరు తెరిచి మీ అబ్బాయినే అడగొచ్చుగా అత్తయ్యా."

"పిలిస్తే రావడం వేరు, తనంతట తను రావడం వేరు అనుకున్నాను. ఏడుస్తాడు. ఏడిస్తే నేను చూడలేను. అది నా తప్పేనేమో." ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది. "ప్రతి బుధవారం ప్రార్థనకు వస్తారుగా సంఘంవాళ్లు. నీ మనవేమిటి ఓర్పమ్మా అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపు వాళ్లే చెప్పేస్తారు, ఆమెకు ఇంకా ఓర్పు ఇయ్యి తండ్రీ అని. నేను కళ్లు మూసుకుని లోపల వాడి పేరు చెప్పుకుంటాను. పైకి ఆమెన్ అంటాను."

"రైట్," అన్నాడు మామగారు. అది ఏ రైటో కొత్తపిల్లకు తెలియలేదు. ఆయన కళ్లు మాత్రం భార్య మీద ఉన్నాయి.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమె ఇల్లంతా తిరిగింది. కుర్చీలు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. రేపటికి బట్టలు ఇస్త్రీ చేసి, ఎందుకు చేస్తున్నానో అని మధ్యలో ఆపి, మళ్లీ చేసింది. తను స్వార్థపరురాలా? అత్తయ్యకు ఉన్న నమ్మకం తనకు లేదా? ఉంటే ఎంచక్కా ఆగగలిగేది కాదా? ఇస్త్రీపెట్టె కింద ముడత పోతుంటే ఆమెకు ఒక సంగతి మెల్లగా విడిపోతూ కనిపించింది. మామగారి జబ్బు ఎవరూ తెచ్చింది కాదు, ఎవరూ తీయగలిగింది కాదు. దాన్ని మొయ్యాలి. ఆశ లేకపోతే మొయ్యలేరు, అత్తయ్య ఆ ఆశతోనే మోస్తోంది. ఆ ఆశలో తనకూ భాగం ఉంది, దానికోసం ఎంతకాలమైనా నిలబడుతుంది. కానీ ఆ బరువంతా మంచానికి ఆడవాళ్లున్న వైపే పడటం జబ్బు కాదు. అది దేవుడు పెట్టింది కాదు. ఒక మనిషి కుర్చీలోంచి లేవకపోవడం, అంతే. దానికి కూడా ఓర్పు అనే పేరే పెట్టేసి, రెంటినీ ఒకే మూట కట్టి ఆడదాని నెత్తిన పెట్టి, మోసినందుకు ముద్దుపేరు ఇచ్చారు. రేపు తను ఆగిపోతే తనకూ ఆ పేరు వస్తుంది. చిన్న ఓర్పమ్మ.

పొద్దుగూకే వేళకు పాస్టరమ్మగారు, సంఘంలోని ఆడవాళ్లు కొందరు వచ్చారు. మామగారి మంచం ఉన్న గదిలోనే కూర్చుంటారు, ఆయనకూ పాటలు వినపడాలని. ఆడపడుచు నడుం మీద చెయ్యితో అందరికీ నీళ్లందించింది. భర్త దుకాణం నుంచి వస్తూ స్వీటు డబ్బా తెచ్చాడు. గుమ్మంలోనే ఆమె నోట్లో ఒక ముక్క పెట్టి, ఎవరూ చూడనప్పుడు బుగ్గ గిల్లాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను ఎప్పటిలా గుమ్మం పక్కన, తండ్రి మొహం కనపడని మూలన, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ అది వాయించడానికి వీలైన చోటనుకుంది.

పాటలయ్యాయి. పాస్టరమ్మగారు కళ్లజోడు సవరించుకుని, "మనవులు చెప్పండమ్మా," అన్నారు. ఒకావిడ మనవడి చదువు చెప్పింది. ఒకావిడ ఇంటి గోడ గురించి పొరుగువాళ్లతో తగాదా చెప్పింది. పాస్టరమ్మగారు తలాడిస్తూ కొత్తపిల్ల దగ్గర ఆగారు.

"మా మరదలికి ఉద్యోగం వచ్చిందండీ, దేవునికి స్తోత్రం," అంది ఆడపడుచు. "కానీ మా అమ్మ పరిస్థితి మీకు తెలియంది కాదు. దేవుని సమయం వచ్చేదాకా ఆగే ఓర్పు ఆ పిల్లకు కలగాలని ప్రార్థన చేయండి."

"అవునండీ," అన్నాడు భర్త మూలనుంచి. "మా ఇద్దరి మనవీ అదే."

"మంచి మనవి," అన్నారు పాస్టరమ్మగారు. "ఓర్పమ్మ కోడలికి ఓర్పు రాక ఎవరికొస్తుంది? దేవుడెలా నిలబెట్టాడో మా ఆడవాళ్ల కూటంలో నీతో సాక్ష్యం చెప్పించుకోవాలి." అందరూ నవ్వారు. "తలలు వంచండమ్మా."

తలలన్నీ వంగాయి. కొత్తపిల్ల తల వంచబోయి ఆగింది.

"ఒక్క నిమిషం అండీ," అంది. "నా మనవి నేను చెప్పలేదు."

తలలు లేచాయి.

"ఉద్యోగం కావాలని దేవుణ్ని ఎప్పుడో అడిగానండీ. ఇచ్చాడు. మళ్లీ ఆయన్నే వద్దని అడగడం బాగోదు. రేపు వెళ్లి చేరుతున్నాను." భర్త కూర్చున్న మూల వైపు తిరిగింది. "ఓర్పు కూడా నాకు సరిపడా ఉంది. నా మనవి మావారి గురించి. రేపటి నుంచి పొద్దున మామయ్యగారి పక్క మార్చేటప్పుడు అత్తయ్య అవతల ఉంటారు, ఇవతల ఆయన నిలబడాలి. వాళ్ల నాన్నగారిని అలా చూడటం ఆయనకు చాలా కష్టం, నేను కళ్లారా చూశాను. ఆ కష్టం ఓర్చుకునే బలం ఆయనకు రావాలి. అత్తయ్యకు ఏ ఆశ వల్ల వచ్చిందో ఆయనకూ ఆ ఆశ వల్లే రావాలి. దానికి ప్రార్థన చేయండి."

ఆడపడుచు నోరు తెరిచి, తల్లి వైపు చూసి, మూసుకుంది. భర్త చెయ్యి కీబోర్డు మీద పడి ఒక స్వరం మోగి ఆగిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులంటే ఆమెకు ఎంతిష్టమో ఆ క్షణంలో కూడా గుర్తొచ్చింది.

"ఆమెన్," అంది అత్తయ్య.

"ఇంకా మొదలుపెట్టలేదు ఓర్పమ్మా," అన్నారు పాస్టరమ్మగారు కంగారుగా.

"నేను మొదలుపెట్టి చాలా కాలమైంది అమ్మగారూ," అంది అత్తయ్య. "మీరు కానివ్వండి."

పాస్టరమ్మగారు కళ్లు మూసుకున్నారు. నోటికి అలవాటైన మాటలు రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. ఆవిడ కాసేపు వెతుక్కుని, ఆ తర్వాత చాలా మామూలు గొంతుతో, ఎవరో ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు, ఈ అబ్బాయికి భయంగా ఉంది తండ్రీ, చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకురా అని అడిగారు. అందరి ఆమెన్‌లూ అయ్యాక, ఆలస్యంగా, మూలనుంచి ఒకటి వినిపించింది. అది అతనిదో కాదో కొత్తపిల్ల కళ్లు తెరిచి చూడలేదు.

అందరూ వెళ్లాక కుర్చీలు మడుస్తుంటే అతను పక్కకొచ్చాడు.

"ముందు నాతో చెప్పొచ్చుగా."

"నువ్వే అన్నావుగా అక్కడ పెడదామని. పెట్టాను." మొదటిసారి ఆమె తమ గది బయట, తల్లి వినేంత దూరంలో అతన్ని నువ్వు అంది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

"కోపమా?"

"కోపమే. నీకు చాతకాదని కాదు, చాతనయ్యీ రావని."

అతను కుర్చీ అంచు వేళ్లతో రాస్తూ నిలబడ్డాడు. "నాన్న నా వైపు చూస్తే ఏం చెయ్యాలో తెలీదు చిట్టీ. నన్ను గుర్తుపట్టి, ఇన్నాళ్లూ ఎక్కడున్నావురా అన్నట్టు చూస్తే?"

"చూస్తారు. మొదటిరోజు నాకూ భయమేసింది. తలదించుకుని దుప్పటి వైపు చూడు. ఆయన బరువు చేతుల మీద పడ్డాక ఇంకేం గుర్తుండదు."

అతను కుర్చీ తీసుకెళ్లి గోడకు ఆనించాడు. వెనక్కి వచ్చి ఇంకొకటి తీసుకున్నాడు. మామూలుగా కుర్చీలు ఆమె సర్దుతుంది.

అత్తయ్య మామగారి కాళ్ల మీద దుప్పటి కప్పి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కోడలి వైపు చూడలేదు. కొడుకు ఎదురుగా నిలబడి, అతని కుడిచెయ్యి తీసుకుని, దీపం వెలుగులోకి తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే పరీక్షగా చూసింది.

"పొద్దున్నే లేపుతాను నాయనా," అంది. "ఈలోపు ఈ గోళ్లు తీసేసుకో. నాన్న వీపు చర్మం మరీ పలచబడింది."